ఓడ గంటలు కొట్టే గడియారంతో పుష్కర కాలం

ఓడల పేరు చెప్పి అమ్ముడయ్యే పాత గడియారాల్లో రెండు రకాలున్నాయి. ఓడ బొమ్మ ఒకటి చేసి, దాని పొట్టలో ఎక్కడో గడియారం ఇరికించినవి ఒక రకం. ఓడ మీద పొద్దు ఎలా లెక్కపెట్టేవారో ఆ పద్ధతినే పట్టుకొచ్చి మన బల్ల మీద పెట్టినవి రెండో రకం. మొదటిదాన్ని చూడగానే మోజు పుడుతుంది. నెల తిరిగేసరికి దుమ్ము దులిపే పని ఒక్కటే మిగులుతుంది. రెండోది కొన్న కొత్తలో ఏమంత ఆకట్టుకోదు, చెవికి గందరగోళంగా కూడా ఉంటుంది. ఉండేకొద్దీ వదల్లేం. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నాయి. పుష్కర కాలంగా వాటితో కాపురం చేస్తున్నాను కాబట్టి ఈ మాట కాస్త ధీమాగానే అంటున్నాను.

మేముండేది మాసచూసెట్స్‌లో, బోస్టన్‌కి ఉత్తరాన సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఒకటి. ఇక్కడ ఇంటి పెద్దలు పోయాక సామానంతా ఎక్కడిదక్కడే ఉంచి, ధరల చీటీలు అంటించి అమ్మేస్తారు. ఎస్టేట్ సేల్ అంటారు. పడవలున్న కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఆ అమ్మకాల్లో దిక్సూచులూ దీపాలూ గడియారాలూ తరచుగానే కనిపిస్తాయి. రెండో రకానికి చెందిన నా చెల్సీ కంపెనీ గడియారం అలా దొరికిందే.

చుక్కాని చక్రం ఆకారంలో ఉంటుంది. చుట్టూ పిడులు, మధ్యలో వెండి పూత డయల్, నల్లటి అంకెలు. ఒంటి చేత్తో ఎత్తబోతే మణికట్టు వద్దంటుంది, అంత ఇత్తడి. డయల్ మీద బిగెలో కెనార్డ్ అని ఉంటుంది. అది తయారు చేసినవాళ్ళ పేరు కాదు, బోస్టన్‌లో ఒకప్పుడు పేరున్న నగల దుకాణం. ఆ రోజుల్లో పెద్ద దుకాణాలు చెల్సీ వాళ్ళ చేత గడియారాలు చేయించి డయల్ మీద తమ పేరు వేయించుకునేవి. అసలు ఊరూపేరూ తెలియాలంటే లోపలి యంత్రం వెనక పళ్ళెం చూడాలి. అక్కడ చెల్సీ క్లాక్ కంపెనీ, బోస్టన్ అనీ, కింద ఒక నంబరూ ఉంటాయి. ఆ నంబరు కంపెనీకి పంపి, రుసుము కడితే, పాత పద్దు పుస్తకాలు చూసి గడియారం ఎప్పుడు తయారైందో, మొదట ఎవరికి అమ్మారో కాగితం రాసిస్తారు. నాది 1920ల నాటిదని తేలింది.

కంపెనీ 1897లో మొదలైంది, చార్లెస్ పియర్సన్ అనే ఆయన చేతుల మీదుగా. చెల్సీ అన్నది బోస్టన్‌కి మిస్టిక్ నది అవతలున్న చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళానికి వీళ్ళ గడియారాలు పెద్ద ఎత్తున వెళ్ళాయి. కంపెనీ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది. పాతవాటికి విడి భాగాలు దొరకడం ఈ బ్రాండులో ఉన్న పెద్ద సుఖం. వందేళ్ళ నాటి వస్తువు కొని, పళ్ళ చక్రం ఒకటి విరిగితే దేశాలన్నీ గాలించాల్సిన ఖర్మ లేదు.

ఇక గంటల సంగతి. దీనికోసమే కదా కొనేది.

ఓడ మీద పనివాళ్ళ పహరాలు నాలుగేసి గంటలు. పూర్వం అరగంట ఇసుక గడియారం ఉండేది. ఇసుక దిగిపోగానే దాన్ని తిరగేసి గంట కొట్టేవారు. పహరా మొదలైన అరగంటకు ఒక దెబ్బ, గంటకు రెండు, అలా పెంచుకుంటూ పోయి నాలుగు గంటలయ్యేసరికి ఎనిమిది. ఎనిమిది వినబడితే ఒక జట్టు దిగుతుంది, ఇంకో జట్టు ఎక్కుతుంది. మళ్ళీ ఒకటి నుంచి లెక్క. దెబ్బలు విడివిడిగా కాకుండా జంటలుగా పడతాయి. అయిదు అంటే టింగ్‌టింగ్, టింగ్‌టింగ్, టింగ్. చివర ఒంటరి దెబ్బ ఉంటే అది అరగంట. జంటతో ఆగితే సరిగ్గా గంట. ఈ ఒక్క సూత్రం చెవికి పట్టుబడితే మిగతాది దానంతట అదే వస్తుంది.

చెల్సీ వాళ్ళ షిప్స్ బెల్ యంత్రం ఈ లెక్కనంతా మనిషి చెయ్యి లేకుండా నడిపిస్తుంది. పన్నెండు, నాలుగు, ఎనిమిది గంటలకు ఎనిమిదేసి దెబ్బలు. పొద్దున్న ఏడింటికి ఆరు. మధ్యాహ్నం మూడింటికీ ఆరే. రాత్రి పదకొండుకీ ఆరే. అంటే విన్నంతమాత్రాన టైము తెలిసిపోదు. పొద్దు ఏ వైపుందో మనకు ముందే తెలిసుండాలి. మావారికి మొదట్లో ఇది మహా చిరాకు. "మూడైతే మూడు కొట్టాలి గానీ ఈ పొడుపు కథలేంటి?" అనేవారు. ఇప్పుడు ఆయనే వంటింట్లోంచి, "ఏడు కొట్టింది, వార్తలు పెట్టు" అని కేకేస్తారు. ఏడు దెబ్బలంటే సాయంత్రం ఏడున్నర మరి.

ఒకటి నుంచి ఎనిమిది దాకా కూడితే 36. పన్నెండు గంటల్లో అలాంటి పహరాలు మూడు. అంటే 108 దెబ్బలు. ప్రతి పన్నెండు గంటలకూ మా ఇంట్లో ఒక అష్టోత్తరం పూర్తవుతుందని మా అత్తగారు కనిపెట్టారు. ఆవిడకి ఈ గడియారం మీద గౌరవం పెరిగింది ఆ రోజు నుంచే.

అసలు ఓడ మీద పద్ధతికీ దీనికీ ఒక్క తేడా ఉంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండే పహరాను ఓడల్లో రెండేసి గంటల రెండు ముక్కలు చేస్తారు. లేకపోతే ఒకే జట్టుకు రోజూ ఒకే నడిరాత్రి పహరా పడుతుంది. వీటిని డాగ్ వాచ్‌లంటారు. బ్రిటిష్ నౌకల్లో రెండో ముక్కలో ఆరున్నరకు మళ్ళీ ఒకటి, ఏడుకు రెండు, ఏడున్నరకు మూడు కొట్టి, ఎనిమిదికి మాత్రం ఎనిమిదీ కొడతారు. 1797లో నోర్ దగ్గర నావికుల తిరుగుబాటుకి అయిదు దెబ్బలే గుర్తుగా పెట్టుకున్నారనీ, అందుకే ఆ వేళ ఆ లెక్క మానేశారనీ కథ ఒకటి చెప్పుకుంటారు. ఇంటి గడియారానికి ఈ గొడవలేం పట్టవు. ఆరున్నరకు నిక్షేపంగా అయిదూ కొట్టేస్తుంది. చాదస్తం ఉన్నవాళ్ళకు ఇది లోపం. నాకు కాదు.

మా అన్నయ్య మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీరుగా చేశాడు. మాది విశాఖపట్నం, గాజువాక వైపు. ఓడలు మాకు కొత్త కాదు. వాడు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు హాల్లో కూర్చుని ఎనిమిది దెబ్బలూ విని, "ఏటే ఇది, నేను డ్యూటీ దిగి ఇక్కడికొస్తే ఇక్కడా డ్యూటీయేనా?" అన్నాడు. ఇప్పుడు ఓడల్లో ఈ అరగంట గంటలు కొట్టరట. బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, ఒక పెద్ద గడియారం మారిస్తే ఓడంతా ఉన్న గోడ గడియారాలు వాటంతటవే మారిపోతాయి. మరి గంట ఉంటుందా అనడిగాను. "ఎందుకుండదూ, తప్పనిసరి. పొగమంచులో లంగరేసి ఉంటే నిమిషానికోసారి అయిదు సెకన్ల పాటు గబగబా వాయించాలి. అది అంతర్జాతీయ రూలు. ఇలా ముద్దుముద్దుగా జంటలు లెక్కెట్టుకుంటూ కూర్చుంటే పక్క ఓడ వచ్చి గుద్దేస్తది" అన్నాడు. ఉన్న వారం రోజులూ మాత్రం వాడే తాళం తిప్పాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తాళం వారానికోసారి. యంత్రం ఎనిమిది రోజులు నడుస్తుంది, ఒక రోజు వెసులుబాటన్నమాట. డయల్‌లో రెండు రంధ్రాలుంటాయి, ఒకటి నడకకు, ఒకటి గంటలకు. రెండూ నిండుగా తిప్పాలి. "మరీ బిగిస్తే స్ప్రింగు తెగుతుందేమో" అని సగంలో ఆపేవాళ్ళు చాలామంది. ఆ భయం అక్కర్లేదు. ఆగేదాకా నెమ్మదిగా తిప్పొచ్చు. సగం తిప్పి వదిలేస్తే వారం చివరికొచ్చేసరికి దెబ్బలు నీరసపడతాయి. మేం ఆదివారం పొద్దున్న కాఫీ అయ్యాక తిప్పుతాం.

టైము మాటకొస్తే, వారానికి ఒకట్రెండు నిమిషాలు అటూఇటూ. లోలకం లేదు దీనికి, చేతి గడియారంలో లాగ బ్యాలెన్స్ చక్రం ఉంటుంది. ఓడ ఊగుతుంటే లోలకం పనిచెయ్యదు కాబట్టి ఓడల గడియారాలన్నీ ఇంతే. దీనివల్ల ఇంట్లో మనకు కలిసొచ్చేదేమిటంటే బల్ల సమతలంగా ఉందా లేదా అని చూసుకోనక్కర్లేదు, దుమ్ము తుడవడానికి పక్కకు జరిపినా ఆగిపోదు. పన్నెండు అంకె దగ్గర ఎస్, ఎఫ్ అక్షరాల మధ్య చిన్న రంధ్రం ఉంటుంది. వెనకబడుతుంటే ఎఫ్ వైపు, ముందుకెళ్తుంటే ఎస్ వైపు, వెంట్రుకవాసి తిప్పి వారం ఆగి చూడాలి. రోజూ కెలికితే ఎప్పటికీ కుదరదు. ఫోన్లో సెకన్లతో సహా టైము కనిపించే కాలంలో ఈ రెండు నిమిషాలు పట్టించుకునేవాళ్ళు అసలీ వస్తువు జోలికి రాకూడదు.

అమెరికాలో ఉండేవాళ్ళకు ఇంకో తంటా ఉంది. ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారు. మార్చిలో ఒక గంట ముందుకు, నవంబరులో ఒక గంట వెనక్కి. గంటలు కొట్టే గడియారం ముల్లును వెనక్కి తిప్పకూడదు. మరి నవంబరులో? పదకొండు గంటలు ముందుకు తిప్పాలి, అదీ ప్రతి అరగంట దగ్గరా ఆగి, ఉన్న దెబ్బలన్నీ కొట్టనిచ్చి. రెండు దాటాక మొదలుపెట్టి ఒంటిగంట దాటించేసరికి నూటొక్క దెబ్బలు. శనివారం మధ్యాహ్నం పిల్లలకు ఆ పని అప్పజెప్తాను. వాళ్ళకదో ఆట. పక్కింటావిడ ఒకసారి మీ ఇంట్లో పూజేమైనా ఉందా అనడిగింది.

ఇత్తడి గురించి మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చిన మొదటిసారి, గడియారం నల్లబడి ఉందని చూసి, చింతపండు నానబెట్టేశారు. గిన్నె పట్టుకుని హాల్లోకి వస్తుంటే చూశాను. "అత్తయ్యా, దాన్ని తోమకూడదండీ" అంటే, "ఇత్తడి తోమకపోతే ఇంకేం చేస్తారే, దేవుడి గది కుందులు చూడు ఎలా మెరుస్తున్నాయో" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. కేసు మీద లక్క పూత పోయి ఒట్టి ఇత్తడి మిగిలుంటే తోమినా ప్రళయం రాదు. ప్రమాదం డయల్‌తో. ఆ వెండి రంగు పోత వెండి కాదు, పైన పలచగా ఎక్కించిన పొర. పులుపు గానీ, పాలిష్ ముద్ద గానీ, పీతాంబరి పొడి గానీ ఒక్కసారి తగిలితే ఆ పొర లేచిపోయి లోపలి పసుపు బయటపడుతుంది. పాత చెల్సీల ధర సగానికి సగం పడిపోయేది ఇక్కడే. ఎవరో ఉత్సాహవంతులు డయల్ని "శుభ్రం" చేసి ఉంటారు. ఆవిడకి కేసు చుట్టూ ఉన్న పిడులు ఒక్కొక్కటీ మెత్తటి పొడి గుడ్డతో తుడిచే పని ఇచ్చాను. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అదే చేస్తారు. చింతపండు ఆ రోజు చారులోకి వెళ్ళింది.

ఇన్నేళ్ళలో నన్ను నిజంగా ఏడిపించింది సర్వీసు. కొన్న కొత్తలో దెబ్బలు నిదానంగా పడేవి, ఎనిమిదో దెబ్బ కొట్టడానికి ఆయాసపడేది. దగ్గర్లోని ఒక దుకాణంలో ఇస్తే రెండు రోజుల్లో తిరిగిచ్చారు, బాగా నడిచింది కూడా, కొన్ని నెలలు. తర్వాత మొత్తానికే ఆగిపోయింది. వేరే పనివాడి దగ్గరికి తీసుకెళ్తే విప్పి చూపించాడు. పాత నూనె గట్టిపడి బంకలా తయారై ఉంది. దాన్ని కడగకుండా మీదే కొత్త నూనె చుక్కలు వేసేశారు. కొత్త నూనె పాత మురికిని కరిగించి ఇరుసుల్లోకి దింపింది. మెత్తటి బురదతో రాపిడి జరిగినట్టు ఇరుసు రంధ్రాలు కోలగా అరిగాయి. ఆ రంధ్రాలు పెద్దవి చేసి, లోపల కొత్త ఇత్తడి గొట్టాలు దిగ్గొట్టి, మళ్ళీ కొలతకు తొలిచాడు. బుషింగ్ అంటారు దాన్ని. అద్దం పెట్టి చూపించాడు, సూది మొనంత ఇరుసు అది. నెలన్నర పట్టింది, బిల్లు చూస్తే గడియారం కొన్న ధరకు ఎంతో దూరం లేదు.

కాబట్టి "సర్వీసు చేయించాం" అని ఎవరైనా అంటే, పూర్తిగా విప్పి కడిగారా, స్ప్రింగులు బయటికి తీశారా అని అడగండి. రెండు రోజుల్లో అయిపోయే పని కాదది. అలా ఒకసారి సరిగ్గా చేయిస్తే తర్వాత చాలా ఏళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు. నాది ఆ మరమ్మతు తర్వాత ఇంతవరకూ మొరాయించలేదు.

రాత్రిళ్ళు శబ్దం ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. మేం కింది అంతస్తులో ఉంచాం, తలుపు మూస్తే పైకి వినబడదు. హాల్లో పడుకునే చుట్టాలకు మాత్రం మొదటి రాత్రి జాగారమే. గంట కప్పు చిన్నదే అయినా ఇత్తడి కేసు దానికి తోడై శబ్దాన్ని నిలబెడుతుంది. అర్ధరాత్రి ఎనిమిది దెబ్బలంటే మాటలు కాదు. అపార్ట్‌మెంట్లలో పల్చటి గోడల మధ్య ఉండేవాళ్ళకు నేను సిఫార్సు చెయ్యను.

ఇక మా ఇంట్లో ఉన్న ఓడ బొమ్మ గడియారం. 1950ల నాటి కరెంటు గడియారం. రాగి రంగు పోత లోహంతో మూడు తెరచాప కొయ్యల ఓడ, తెరచాపలు మెరుగు రేకువి, పొట్టలో డయల్. అమెరికాలో 1930ల నుంచి 60ల దాకా ఇలాంటివి కుప్పలుతెప్పలుగా వచ్చాయి. బ్రూక్లిన్‌లోని యునైటెడ్ కంపెనీ వాళ్ళయితే అధ్యక్షుడు రూజ్వెల్ట్‌ని చుక్కాని చక్రం దగ్గర నిలబెట్టి గడియారం చేశారు. మాంద్యంలోంచి దేశమనే ఓడను నడిపిస్తున్నాడని భావం. అదైతే చరిత్ర ఉంది కాబట్టి కొనుక్కోవచ్చు. నా దగ్గరున్నదానికి ఆ భాగ్యం కూడా లేదు. తెరచాపల మడతల్లో దుమ్ము, తాళ్ళ స్థానంలో ఉన్న తీగల్లో సాలెగూడు. చూసినవాళ్ళు ఒక్కసారి "భలే ఉందే" అంటారు, రెండోసారి అటు చూడరు. నేనూ అంతే. పాత వైరు పైతొడుగు పొడిపొడిగా రాలుతుంటే కొత్తది వేయించాను. ఇలాంటివి కొంటే మొట్టమొదట చేయించాల్సింది అదే, షాక్ కొట్టకముందే.

దీన్ని ఇండియా తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఈ మోటారు టైము లెక్కించేది కరెంటు ఊపును బట్టి. అమెరికాలో సెకనుకు 60 ఆవృత్తులు, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి తగ్గిస్తే మోటారు కాలిపోకుండా తిరుగుతుంది గానీ, గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. రోజుకు నాలుగు గంటలు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజినే మారుస్తుంది, ఆవృత్తిని మార్చదు. కాకినాడలో షోకేసులో బొమ్మగా పెట్టుకోవడానికైతే సరే. చెల్సీలాంటి తాళం గడియారాలకు ఈ బాధ లేదు. ఎక్కడైనా ఒకటే నడక.

బొమ్మల్లో మినహాయింపు ఒకటుంది. ఇక్కడి వేలం ప్రదర్శనలో చూశాను, కొనలేదు, కొనే స్థోమతా లేదు. పారిస్‌కి చెందిన ఆంద్రే రోమాఁ గిల్మే చేసిన నావికుడి గడియారం, 19వ శతాబ్దం చివరి కాలానిది. డెక్కు పలకల మీద ఒక నావికుడు చక్రం పట్టుకుని నిలబడి ఉంటాడు. మనిషీ చక్రమూ కలిసి అటూ ఇటూ ఒరుగుతుంటారు, అలల్లో ఓడను పట్టి నిలబెడుతున్నట్టు. ఆ ఒరగడం అలంకారం కాదు. అతనే లోలకం. అతను ఒరగడం ఆపితే గడియారం ఆగుతుంది. నేను చూస్తున్నంతసేపూ అక్కడికొచ్చినవాళ్ళు ఒక్కరూ డయల్ వంక చూడలేదు, అందరి చూపూ అతని భుజాల మీదే. ఒక వైపు ఒరిగి, చివర్లో అర క్షణం తటపటాయించి, మళ్ళీ వస్తాడు. ఆ తటపటాయింపులోనే ఉంది పనితనమంతా.

గిల్మే (1827–1892) ఇలాంటి మాయల్లో దిట్ట. చేతిలో లోలకం పట్టుకున్న స్త్రీ విగ్రహం, లోలకానికీ యంత్రానికీ సంబంధమేమీ కనిపించకుండా ఊగే గడియారం ఆయనదే. విగ్రహాన్ని కింది నుంచి కంటికి ఆననంతగా తిప్పడమే అందులోని రహస్యం. గొలుసుతో నడిచే తొలి సైకిళ్ళలో ఒకదానికి కూడా ఆయన పేరు చెబుతారు గానీ దాని తేదీ గురించి వాదనలు తెగలేదు. ఆ కాలపు ఫ్రెంచివాళ్ళు ఆవిరి సుత్తులూ, గాలిమరలూ, పైభాగం తిరిగే లైట్‌హౌసులూ, యుద్ధనౌకలూ అన్నిటినీ గడియారాలుగా మార్చేశారు. వాటి మీద బ్రెవెతే ఎస్.జి.డి.జి. అని ముద్ర ఉంటుంది. పేటెంటు ఇచ్చాం గానీ వస్తువుకు ప్రభుత్వం పూచీ లేదు అని దానర్థం. కొనేవాళ్ళకు ఇంత నిజాయితీగా చెప్పే ముద్ర ఇంకోటి నేనెరగను.

ఆ నావికుడి గడియారాన్ని నిజం ఓడలో పెడితే నడవదు, లోలకం కదా. పైగా బల్ల ఏమాత్రం వాలినా నడక కుంటుతుంది. ఓడ రూపంలో ఉండి నేల మీదే బతకగలిగే వస్తువు. అయినా డబ్బుంటే కొనేదాన్ని. ఓడ రూపం ఎటూ పాతబడేదే, కదలిక పాతబడదు. ఇంగ్లండులో 18వ శతాబ్దపు నిలువెత్తు గడియారాల్లో డయల్ పైన కమానులో చిన్న రంగుల ఓడ ఒకటి సెకను సెకనుకూ ఊగుతుంటుంది. అదీ అంతే. లోలకాన్ని నడిపే కొంకి ఇరుసుకే ఓడను తగిలిస్తారు, వేరే యంత్రమేమీ ఉండదు. గిల్మే కంటే చాలా చవక, ఆనందం దాదాపు అంతే.

ఈ వంశానికి మూలపురుషుణ్ణి చూడాలంటే లండన్ బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళాలి. ఆగ్స్‌బర్గ్‌లో హాన్స్ ష్లాట్‌హైమ్ 1585 ప్రాంతంలో చేసిన బంగారు పూత ఓడ. విందులో బల్ల మీద దొర్లుకుంటూ వెళ్ళేదట. సంగీతం వాయించేది, సింహాసనం మీది చక్రవర్తి ముందు నుంచి సామంతులు వరసగా నడిచేవారు, చివరికి ఫిరంగులు పేల్చేది. ఇంత హంగామాలో అసలు డయల్ పెద్ద తెరచాప కొయ్య అడుగున అణగిమణగి ఉంటుంది. వెతుక్కుంటే గానీ కనబడదు. ఇప్పుడది కదలదు, అద్దాల పెట్టెలో ఉంది.

కొనేవాళ్ళకు చివరిగా కొన్ని మాటలు. ఇత్తడి మీద టైటానిక్ అనో, 1912 అనో చెక్కి ఉన్న గడియారాలు ఆన్‌లైన్లో బోలెడు. వాటిలో చాలా మటుకు మన ఉత్తరాఖండ్‌లోని రూర్కీలాంటి చోట్ల ఈ మధ్య తయారైన కానుక వస్తువులు. సర్వే పరికరాలు చేసే ఊరది, పనితనానికి వంక పెట్టను. కానుకగా, కానుక ధరకు కొంటే తప్పేం లేదు. పాతదని చెప్పి పాత ధర అడిగితేనే మోసం. నల్లటి బేకలైట్ కేసుతో వచ్చే అమెరికన్ నౌకాదళపు యుద్ధకాలం గడియారాలు అసలైనవే, గట్టివే. అయితే వాటిలో ఎక్కువ భాగం టైము మాత్రమే చూపిస్తాయి, గంట కొట్టవు. డయల్‌లో తాళం రంధ్రం ఒకటే ఉంటే గంట లేదని అర్థం. డయల్ మీద మూడేసి నిమిషాల ఎర్రటి ముక్కలు రెండుంటే అది రేడియో గది గడియారం. ఆపద సంకేతాలు వినబడడం కోసం గంటకు రెండుసార్లు, 15వ నిమిషం నుంచీ 45వ నిమిషం నుంచీ, మూడేసి నిమిషాలు, ఒకప్పుడు అందరూ సంకేతాలు పంపడం ఆపి వింటూ ఉండాల్సిన వేళలవి. చూడ్డానికి అన్నిటికంటే అందమైనది అదే. నకళ్ళు కూడా దానికే ఎక్కువ.

అమ్మేవాళ్ళు "బ్రహ్మాండంగా కొడుతుంది" అంటే రెండు దెబ్బలు విని మురిసిపోకండి. ముల్లును ముందుకు జరిపి మూడున్నర దగ్గర ఆపమనండి: ఏడు పడాలి, చివరిది ఒంటరిగా. నాలుగు దగ్గర నాలుగు జంటలు. నాలుగున్నర దగ్గర ఒకే ఒక్కటి. ఎనిమిదో దెబ్బ బలం మొదటి దెబ్బతో సమానంగా ఉందా, ఎనిమిది తర్వాత తడబడకుండా ఒకటికి దిగిందా, ఈ రెండూ చూస్తే లోపలి సంగతి సగం తెలిసిపోతుంది. దిగకపోతే పూర్తి మరమ్మతు ఖర్చు ధరలోంచి తీసి బేరమాడండి. ఒప్పుకోకపోతే వదిలెయ్యండి, ఈ తీరంలో ఇంకోటి దొరుకుతుంది.